పటాల కొట్టులో పుట్టిన గ్యాలరీ



మా ఊళ్లో గుడి వీధి మలుపులో ఒక పటాల కొట్టు ఉండేది. పెళ్లి ఫోటో అయినా, తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మ అయినా, పోయిన పెద్దల ఫోటో అయినా అక్కడికి తీసుకెళ్లి పటం కట్టించేవాళ్లం. ఆయన అద్దం మీద ములికితో గీత గీసి పుటుక్కున విరిచే చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. మన మాటలో ఒక విశేషం ఉంది, గమనించారా? బొమ్మనూ పటమే అంటాం, చట్రం బిగించి గోడకు తగిలించాక దాన్నీ పటమే అంటాం. అసలు పటం అంటే గుడ్డ. చేర్యాల నకాషీలు కులపురాణాలు రాసే పొడవాటి గుడ్డ చుట్ట కూడా పటమే.

ఈ రోజు నేను చెప్పబోయేది అలాంటి ఒక పటాల కొట్టు కథ. ఆ కొట్టు బొంబాయిది. అందులోంచి ఒక ఆర్ట్ గ్యాలరీ పుట్టింది. అరవై ఏళ్లు దాటినా ఇంకా ఆ కుటుంబం చేతుల్లోనే నడుస్తోంది. పేరు కెమోల్డ్.

1939లో కేకూ గాంధీ అనే పార్సీ కుర్రాడు కేంబ్రిడ్జిలో చదువుతూ సెలవులకు ఇంటికొచ్చాడు. మహాత్ముడికీ ఆయనకూ చుట్టరికం లేదు, ఇంటిపేరు మాత్రమే అది. అప్పటికి పంతొమ్మిదేళ్లు. బాంద్రాలో సముద్రానికి ఎదురుగా వాళ్లకు కేకీ మంజిల్ అనే పెద్ద ఇల్లు. సెలవులు పూర్తయ్యేలోపే యూరప్‌లో యుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. చదువు ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచని ఆ రోజుల్లోనే రోజర్ వాన్ డామ్ అనే బెల్జియం ఆయనతో పరిచయమైంది. ఆయనకు ఫ్రేముల పని తెలుసు. అలా 1941లో కెమోల్డ్ ఫ్రేమ్స్ మొదలైంది. కెమికల్ మోల్డింగ్ అన్న రెండు మాటలు కలిపి పెట్టుకున్న పేరు. కళతో ఏ సంబంధమూ లేని, కర్మాగారం వాసన వేసే ఈ పేరునే ఆ కుటుంబం గ్యాలరీకీ ఉంచుకుంది. మార్చుకోకపోవడం నాకు నచ్చింది.

ప్రిన్సెస్ స్ట్రీట్‌లో వాళ్ల షోరూము. ఖాళీ ఫ్రేమును అద్దాల కిటికీలో పెడితే దారినపోయేవాడు ఆగి చూస్తాడా? లోపల బొమ్మ ఉండాలి. ఆ కిటికీలో దేవుళ్ల బొమ్మలు పెట్టి ఉంటే ఆ కొట్టు బాగానే సాగేది. కానీ కేకూ గారు అప్పటి యువ చిత్రకారుల బొమ్మలు పెట్టారు. హెబ్బార్, రజా, హుసేన్, ఆరా. అప్పట్లో ఈ పేర్లు ఎవరికీ తెలియవు. కొనేవాళ్లు దాదాపు లేరు. బొంబాయిలో ఇలాంటి బొమ్మలు పెట్టుకోవడానికి సరైన గ్యాలరీ ఒక్కటీ లేదు.

ఆరా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే ఆయన మనవాడు. కృష్ణాజీ హౌలాజీ ఆరా 1914లో మన సికిందరాబాద్ పక్కన బొల్లారంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి బొంబాయి పారిపోయారు. ఇళ్లలో పనిచేశారు, కార్లు తుడిచారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్లారు. పని ముగిశాక, ఉన్న కాస్త చోటులోనే బొమ్మలు వేసుకునేవారు. ఆయన వేసిన పూలకుండీలు చూడండి, ఇంట్లో పూలు పెట్టుకునే స్తోమత లేని మనిషి పూలను ఎంత ప్రేమగా చూడగలడో తెలుస్తుంది. ఆయన ప్రతిభను మొదట గుర్తించినవాళ్లలో ఇద్దరు విదేశీయులున్నారు. ఒకరు ఆస్ట్రియా నుంచి వచ్చిన చిత్రకారుడు వాల్టర్ లాంగ్‌హామర్. రెండోవారు టైమ్స్ ఆఫ్ ఇండియాలో కళా విమర్శ రాసిన జర్మన్ రూడీ వాన్ లేడెన్. వీళ్లకు తోడు వియన్నా నుంచి వచ్చిన వ్యాపారి ఇమాన్యుయేల్ ష్లెసింగర్. ఆయన బొమ్మలు కొనేవారు. హిట్లర్ రాజ్యం ఏలుతున్న రోజుల్లో మన దేశానికి చేరుకున్న ఈ ముగ్గురూ బొంబాయి చిత్రకారులకు పెద్ద అండ అయ్యారు. కేకూ గారి స్నేహం వీళ్లతోనే.

1947లో సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రే కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. భారతీయ ఆధునిక చిత్రకళ అనగానే ఇవాళ అందరూ చెప్పేది ఈ ఆరుగురి గురించే. ఆ ఆరుగురిలో ఒకరు బొల్లారం బిడ్డ అన్నది మన పిల్లలకు చెప్పుకోవాలి.

చిత్రకారులు పెరుగుతున్నారు, గోడలు లేవు. కేకూ గారు, హెబ్బార్, శాస్త్రవేత్త హోమీ భాభా వంటివారు పట్టుబట్టగా, సర్ కావస్‌జీ జహంగీర్ ఇచ్చిన విరాళంతో 1952లో కాలా ఘోడా దగ్గర జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ తెరుచుకుంది. అది అద్దె గోడల పద్ధతి. ఎవరికి వంతు వస్తే వాళ్లు వారం రోజులు బొమ్మలు పెట్టుకుని వెళ్లిపోవాలి. మంచిదే, తప్పు పట్టను. కానీ అక్కడ ఒక చిత్రకారుణ్ని పదేళ్లు, ఇరవై ఏళ్లు వెంట ఉండి చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ పని కోసం 1963లో అదే భవనం మొదటి అంతస్తులో కేకూ గారు, ఆయన భార్య ఖుర్షీద్ గారు కలిసి గ్యాలరీ కెమోల్డ్ పెట్టారు. చిన్న చోటు. కింద వారానికొక కొత్త ప్రదర్శన, పైన వీళ్లు ఏరుకున్న మనుషులు.

ఇక్కడ ఒక మాట. గ్యాలరీ అంటే బొమ్మల దుకాణం అని చాలామంది అనుకుంటారు. దుకాణమే, కాదనను. బొమ్మ అమ్ముడైతే గ్యాలరీ కమీషన్ తీసుకుంటుంది, చాలాచోట్ల అది ధరలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. అంత తీసుకుని ఏం చేస్తారు? బొమ్మ ఏదీ అమ్ముడుపోని ఏడాదిలో కూడా ఆ చిత్రకారుడికి గోడ ఇస్తారు. విమర్శకులను పిలుస్తారు, కేటలాగు అచ్చు వేస్తారు, ఏ బొమ్మ ఎవరింటికి వెళ్లిందో లెక్క రాసి పెడతారు. పత్రికల్లో మనం చదివే కోట్ల వేలాలు దీని తర్వాత ఎప్పుడో జరిగేవి. చిత్రకారుడు తయ్యబ్ మెహతా వేసిన ‘మహిషాసుర’ 2005లో న్యూయార్క్ వేలంలో పది లక్షల డాలర్ల గీత దాటి, 15 లక్షల 80 వేల డాలర్లు పలికింది. ఇలాంటి వేలాల సొమ్ము అమ్ముకున్న యజమానికీ, వేలం సంస్థకూ వెళ్తుంది. చిత్రకారుడికి దక్కేది సాధారణంగా ఏమీ ఉండదు. తయ్యబ్ గారి బొమ్మలకు అలాంటి ధరలు ఎవరూ ఊహించని కాలంలోనే అవి కెమోల్డ్ గోడల మీద ఉన్నాయి.

భూపేన్ ఖాఖర్ సంగతి చూడండి. బరోడాలో ఉండేవారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. పగలు ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తూ, మిగతా వేళల్లో బొమ్మలు వేసేవారు. ఎవరి బొమ్మలు? మంగలి కొట్టు, గడియారాలు బాగుచేసే మనిషి, దర్జీ. మనం రోజూ చూసే, ఎవరూ బొమ్మగా వెయ్యని మనుషులు. క్యాలెండర్ బొమ్మల్లోని రంగులు, సైన్‌బోర్డుల్లోని అక్షరాలు ఆయన బొమ్మల్లోకి నేరుగా వచ్చేశాయి. పారిస్ వైపు చూస్తున్న చిత్రలోకానికి అది మింగుడుపడలేదు. కెమోల్డ్ ఆయన్ని ఆదరించింది. 2016లో లండన్ టేట్ మోడర్న్ ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్లు.

1975లో ఇంకో అడుగు వేశారు. అప్పటి ఠాణే జిల్లా డహాణూ ప్రాంతపు వార్లీ ఆదివాసీ జీవ్యా సోమా మాషే. వార్లీ ఇళ్లలో పేడతో అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసేది ఆడవాళ్లు, అదీ పెళ్లిళ్ల వేళ. మాషే మగవాడై ఉండి, పెళ్లితో పని లేకుండా రోజూ వేసేవారు. భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుడు ఆయన్ని కనిపెట్టారు, కెమోల్డ్ బొంబాయిలో ఆయన ప్రదర్శన పెట్టింది. హస్తకళల మేళాలో కాకుండా, తయ్యబ్ బొమ్మలు వేలాడిన గోడ మీదే ఆదివాసీ బొమ్మ పెట్టడం. ఆ తేడా చిన్నదేం కాదు. ఇవాళ వార్లీ బొమ్మలు చీరల మీద, కప్పుల మీద, రైల్వే స్టేషన్ల మీద కనిపిస్తాయి, కింద ఏ పేరూ ఉండదు. కెమోల్డ్ ఆ రోజు ఒక మనిషి పేరు పెట్టి చూపించింది.

అదే ఏడాది దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లకు కేకీ మంజిల్ తలుపులు తెరిచే ఉన్నాయి. వ్యాపారం చేసుకునే కుటుంబానికి ఇది అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. బొమ్మ వేసేవాడి స్వేచ్ఛ మీద బతికే కుటుంబం అప్పుడు మరేం చెయ్యాలి అని నేను తిరిగి అడుగుతాను. తర్వాత 1992 డిసెంబరు, 1993 జనవరిలో బొంబాయి మతకలహాలతో తగలబడినప్పుడు డెబ్బై దాటిన కేకూ గారు బాంద్రా వీధుల్లో శాంతి కమిటీల పనిలో తిరిగారు.

ఖుర్షీద్ గారి గురించి తక్కువ రాశారు, తక్కువ మాట్లాడారు. కేకూ గారు ఊరంతా తిరిగే మనిషి, స్నేహాల మనిషి. గ్యాలరీలో కూర్చుని రోజువారీ నడిపించింది ఆవిడ. కుటుంబ సంస్థల చరిత్రలన్నిట్లోనూ ఇదే జరుగుతుంది. బోర్డు మీద ఒకరి పేరు, చిట్టాలో ఇంకొకరి చేతిరాత. 2023లో అరవై ఏళ్ల సందర్భంగా కెమోల్డ్ తన పాత పత్రాలే ఆధారంగా ఒక ప్రదర్శన నిలబెట్టగలిగిందంటే, ఆ కాగితాల విలువ తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ముందునుంచీ ఉండబట్టే.

1988లో చిన్న కూతురు షిరీన్ గాంధీ చేతికి గ్యాలరీ వచ్చింది. నేను అసలు చెప్పాలనుకున్నది ఈ చోటు గురించే.

తండ్రి వ్యాపారం పిల్లల చేతికొస్తే సాధారణంగా రెండు రకాలుగా జరుగుతుంది. పాత ఖాతాదారులను పట్టుకుని ఉన్నదాన్ని కాపాడుకుంటారు, లేదా అంతా మార్చేస్తారు. మొదటిది షిరీన్ గారికి చాలా సులువు. హుసేన్, తయ్యబ్ వంటివారి బొమ్మల ధరలు పెరిగే రోజులు ముందున్నాయి. అయినా ఆవిడ తన ఈడు చిత్రకారులను వెతుక్కుంది. తల్లిదండ్రులు తమ ఈడువాళ్లతో ఏం చేశారో అదే తను తన ఈడువాళ్లతో చేసింది. పాతవాళ్లనూ వదల్లేదు. ఆ ఇంట్లో వారసత్వంగా వచ్చింది బొమ్మల నిల్వ కాదు, కొనేవాళ్లు పుట్టకముందే చిత్రకారుడి పక్కన నిలబడే అలవాటు.

1989లో ఘాట్కోపర్ కుర్రాడు అతుల్ దోడియా మొదటి సోలో షో కెమోల్డ్‌లోనే జరిగింది. పదేళ్ల తర్వాత ఆయన మహాత్మాగాంధీ మీద నీటిరంగుల బొమ్మల వరుస అక్కడే పెట్టారు. ఆ తర్వాత కాన్వాసు వదిలేసి దుకాణాల ఇనుప షట్టర్ల మీద బొమ్మలు వేశారు. షట్టర్ దించితే ఒక బొమ్మ, పైకెత్తితే లోపల వేరే బొమ్మ. ఒక షట్టర్ మీద ధగధగలాడే మహాలక్ష్మి. దాన్ని ఎత్తితే లోపల, కట్నం ఇవ్వలేని తండ్రికి భారం కాకూడదని ఉరేసుకున్న అక్కచెల్లెళ్లు. ఆ బొమ్మ ముందు నిలబడి మాట్లాడటానికి నాకు మాటలు దొరకవు.

1992లో చిత్రకారిణి నళినీ మలానీ చేసినది మరీ సాహసం. ఆవిడ కాన్వాసులు తేలేదు. గ్యాలరీ గోడల మీద కింది నుంచి పైదాకా నేరుగా బొమ్మలు గీసేశారు. ఆ పనికి ‘సిటీ ఆఫ్ డిజైర్స్’ అని పేరు. పదిహేను రోజులు. తర్వాత గోడలకు సున్నం వేసేశారు, అంతా పోయింది. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో పాత గోడచిత్రాలు పట్టించుకునేవారు లేక పాడైపోతుంటే, ఆ బాధతో చేసిన పని అది. మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించకూడదు. తెల్లవారుజామున వాకిట్లో వేసిన ముగ్గు సాయంత్రానికి ఉండదు. ఉండదని తెలిసే అంత శ్రద్ధగా వేస్తారు. కానీ ఒక్కసారి గ్యాలరీ వైపు నుంచి ఆలోచించండి. అమ్మడానికి ఒక్క బొమ్మ లేదు. అన్ని గోడలూ నిండిపోయాయి కాబట్టి ఇంకొకరి బొమ్మ పెట్టే వీలూ లేదు. పైగా చివర సున్నం. ఫ్రేములు అమ్మి మొదలైన ఇల్లు, ఏ ఫ్రేములోనూ పట్టని బొమ్మకు తన గోడలన్నీ ఇచ్చింది. ఈ గ్యాలరీ చరిత్రలో ఒక్క ఘట్టం చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

1997లో జితీష్ కల్లాట్ మొదటి సోలో. ఆయన 2007లో చేసిన ఒక పని ఉంది. దండి యాత్రకు ముందురోజు గాంధీజీ చేసిన ప్రసంగాన్ని 4,479 ఎముకల ఆకారపు అక్షరాలతో రాశారు. అల్మారాల్లో పేర్చిన ఎముకలు, దగ్గరికెళ్తే చదవగలిగే మాటలు. ఆ యాత్రతో మొదలైన ఉద్యమంలోనే బొల్లారం ఆరా జైలుకెళ్లారు. ఒకే గ్యాలరీ తొలినాటి మనిషీ ఇప్పటి మనిషీ ఇలా ఒక ఉప్పు గింజ దగ్గర కలుస్తారు.

2007లో గ్యాలరీ జహంగీర్ మేడ మీది చిన్న చోటు వదిలి ఫోర్ట్‌లో క్వీన్స్ మాన్షన్ మూడో అంతస్తుకు మారింది. ఇప్పుడు పేరు కెమోల్డ్ ప్రెస్కాట్ రోడ్. ఎత్తైన పైకప్పు, పెద్ద హాలు. షట్టర్లు, విగ్రహాలు, వీడియోలు, గదంత ఇన్‌స్టలేషన్లు, అన్నిటికీ చోటు దొరికింది. కేకూ గారికి 2009లో పద్మశ్రీ వచ్చింది. 2012 నవంబరులో తొంభై రెండేళ్ల వయసులో పోయారు. మరుసటి ఏడాది ఖుర్షీద్ గారు కూడా వెళ్లిపోయారు. ఆ ఏడాదే యాభై ఏళ్ల పండగగా కళా విమర్శకురాలు గీతా కపూర్ అక్కడ వరసగా ఐదు ప్రదర్శనలు కూర్చారు.

మళ్లీ మన వైపు వద్దాం. కెమోల్డ్ చిత్రకారుల్లో లావణ్య మణి ఒకరు. హైదరాబాద్‌లో పుట్టి బరోడాలో స్థిరపడ్డారు. ఆవిడ పద్ధతి మన కలంకారీ. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, పటిక, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసే నలుపు, నీలిమందు. శ్రీకాళహస్తిలో రామాయణం రాసిన కలం అది. మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కి దేశదేశాలకు వెళ్లి, అక్కడి మగ్గాలకు అసూయ పుట్టించిన అద్దకం అది. ఆ ఓడలూ, ఆ వర్తకమూ, దాని వెంట వచ్చిన పెత్తనమూ ఆవిడ బొమ్మల్లో వస్తువులు. పటం అంటే గుడ్డ అని మొదట చెప్పాను కదా, ఇవి అక్షరాలా పటాలే.

వరుణికా సరాఫ్ హైదరాబాద్‌లోనే ఉండి పనిచేస్తారు. రంగులు తనే నూరుకుంటారు. 2021లో కెమోల్డ్‌లో ఆవిడ పెట్టిన ప్రదర్శన పేరు ‘కాపుట్ మోర్టుయుమ్’. ఇనుపమట్టి నుంచి వచ్చే ఊదా కలిసిన గోధుమ రంగుకు అది లాటిన్ పేరు, ఆరిన నెత్తురులా ఉంటుంది. మన గణతంత్రంలో జరిగిన ఉద్యమాలనూ హింసనూ గుడ్డ మీద సూదీ దారంతో కుట్టిన చిత్రాల వరుస కూడా చేశారు, ‘వియ్ ద పీపుల్’ అని. అమ్మమ్మలు దిండుగలీబుల మీద పూలు కుట్టిన చేతిపనితో రాజ్యాంగం తొలి మాటలను నిలదీయడం ఎంత బలంగా ఉంటుందో చూస్తేనే తెలుస్తుంది.

నాకు ఒక అసంతృప్తి ఉంది, అదీ చెప్పాలి. దేశంలో ఏ చిత్రకారుడు నలుగురికీ కనిపించాలో నిర్ణయించే గ్యాలరీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చాలావరకు ముంబై, ఢిల్లీల్లోనే ఉన్నాయి, చాలావరకు కుటుంబాలవే. ఆ కుటుంబం మంచిదైతే మాషేకు గోడ దొరుకుతుంది. కాకపోతే? ఇంకోటి, ఈ గ్యాలరీల మాటా రాతా దాదాపు అంతా ఇంగ్లీషే. ఒకసారి వేరే ఊళ్లో ఒక గ్యాలరీకి వెళ్తే, నా చెప్పులవైపు చూసి కొనడానికి వచ్చారా అని అడిగారు. చూడటానికి వచ్చానన్నాను. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. ప్రిన్సెస్ స్ట్రీట్ కిటికీ ముందు ఆగినవాణ్ని అలా ఎవరూ అడిగి ఉండరు. గ్యాలరీ నడిపేవాళ్లు వింటూ ఉంటే ఒక మనవి. బొమ్మ పక్కన అంటించే చీటీ మీద ఆ ఊరి భాషలో నాలుగు ముక్కలు రాయండి.

ఇప్పుడు మూడో తరం వచ్చింది. షిరీన్ గారి కూతురు ఆత్యాన్ జంగల్‌వాలా, సునయనా రాజన్‌తో కలిసి కొలాబాలో కెమోల్డ్ కోల్యాబ్ అని వేరే చోటు నడుపుతున్నారు. అక్కడి గోడలు కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లకు.

మీరు ముంబై వెళ్తే, గేట్‌వే, తాజ్ చూసుకున్నాక ఒక గంట మిగుల్చుకోండి. జహంగీర్‌లో ఆ వారం ఎవరి బొమ్మలున్నాయో చూసి, అక్కడి నుంచి ఫోర్ట్‌లో క్వీన్స్ మాన్షన్‌కు వెళ్లి మూడో అంతస్తు ఎక్కండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. టికెట్ లేదు. ఏమీ కొననక్కర్లేదు.